మంచుదేశమున మూటముల్లె

నల్లరేగడి చేలలో శెనగ పూతకు వచ్చు దినములివి. వేకువజామున కొంచెము చలిగాలి వీచినంతమాత్రమున మన యిండ్లలో అవ్వలు తలకు కొంగు చుట్టుకొని పొయ్యికడకు జరుగుచుందురు. ఆ చలి యెంతటిదని పరిశీలించితిమేని, వేసవిలో 40 డిగ్రీలు సునాయాసముగ దాటు మన కడప కర్నూలు పట్టణములలో ఈ వేకువ 18 డిగ్రీల కటునిటుగా నుండును. సరిగా నీ దినములలోనే మన పిల్లలు కొందఱు సున్న డిగ్రీలకు దిగువనున్న చలిలో, వీపున నొక సంచి తగిలించుకొని, ప్రాగు నగరపు రాతివంతెనమీదనో వియన్నా రాజవీథులలోనో నడయాడుచున్నారు. ఐరోపాలో చదువుకొనువారికి క్రిస్‌మసు పండుగ పేరిట రెండువారముల సెలవులు వచ్చును. "అమ్మా, నలుగురం కలిసి నాలుగూళ్లు చూసొస్తాం" అని ఫోనులో మాట వచ్చును. తండ్రి డబ్బు మాట యెత్తును. అవ్వ చలి మాట యెత్తును. తల్లి మాత్రము ఈ రెండును గాక, "ఎవరితో?" అని యడుగును.

మమ్ము గలిసిన సోదరీమణులు ఈ మధ్య తఱచుగా నడుగుచున్న ప్రశ్నయు నిదియే. పోనీయవచ్చునా, కూడదా? ఒక్కమాటలో బదులుచెప్పుటకు మాకు సాధ్యముగాలేదు. కనుక ఈ నెల మన శీర్షికను దీనికే వినియోగించుచున్నాము.

పూర్వము "సీమకు పోయినాడు" అనగా ఇంగ్లండునకు పోయినాడని యర్థము. మనమున్నదియు సీమయే యైనను మన సీమకు వచ్చినవాని నెవరు నట్లనరు! ఆ సీమప్రయాణము నాడు ఏ జమీందారుబిడ్డకో, బారిష్టరు పరీక్షకు పోవువానికో దక్కినది. నేడట్లుగాదు. జర్మనీ దేశ మొక్కదానియందే 2023-24 శీతకాలపు చదువులో నమోదైన భారతీయ విద్యార్థులు సుమారు 49,000 మంది. పరదేశములనుండి వచ్చి యచట చదువువారిలో మనవారిదే ప్రథమస్థానము. ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో చాలవఱకు బోధనరుసుము లేకపోవుట ఇందుకొక ముఖ్యకారణము. కాని యా లేని రుసుమునకు బదులుగా, బ్రదుకుటకు చాలిన సొమ్ము చేతనున్నదని ముందుగా చూపవలయును. 2024 సెప్టెంబరు మొదలు ఆ మొత్తము సంవత్సరమునకు 11,904 యూరోలుగ నిర్ణయించిరి. బ్యాంకిలో నిలువయుంచిన యా సొమ్ములోనుండి నెలకు 992 యూరోలకు మించి తీసికొన వీలులేదు. యూరో యొకటికి ఇంచుమించు నూఱు రూపాయలని లెక్కించినచో, ఆ నిలువ యెంతయో మీరే కట్టుకొనుడు. మన మండలములలో ఎన్ని యిండ్లలో ఆ మొత్తము బ్యాంకిఋణముగనో, నాలుగెకరముల తనఖాగనో మాఱియున్నదో వేఱుగ చెప్పనక్కఱలేదు. తండ్రి డబ్బు మాట యెత్తుట పిసినారితనము గాదు.

ఇక దేశములు చూడబోవుట మనకు క్రొత్తయా? కాదు. ఏనుగుల వీరాస్వామిగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి బయలుదేరి కాశికి పోవుచు మన కడప మీదుగానే యహోబిలము, మహానంది, శ్రీశైలము సేవించిరి. తిరిగి యిల్లు చేరునప్పటికి 1831 సెప్టెంబరు. శివరాత్రికి నల్లమల యడవులగుండ కాలినడకను శ్రీశైలమునకు పోవు స్త్రీలను మనము నేటికిని జూచుచున్నాము. సద్దిమూట, కంబళి, చెంబు, నలుగురు తోడు. వారి సంబారమంతయు నింతియే. స్త్రీలు ఐరోపాను జూచి వ్రాయుటయు క్రొత్తగాదు. పోతం జానకమ్మగారను తెలుగువనిత ఇంగ్లండునకు పోయి తాను జూచినదానిని తెలుగున వ్రాసి, తానే ఇంగ్లీషున చేసికొనగా, ఆ పుస్తకము 1876 లో చెన్నపట్టణమున అచ్చయినది. నూటయేబది యేండ్ల క్రిందట నొక గృహిణి చేసిన పని యిది. మన ఆడపిల్లలు నేడు చేయుచున్నది వింతయని యాశ్చర్యపోవుట మనకు అంతగా శోభింపదు.

వీరు దిగు వసతులను గూర్చి తల్లులకు మిక్కిలి యనుమానము. "హాస్టలు" అనగా మన పట్టణములలోని చదువుకొను పిల్లల హాస్టలని తలంపరాదు. ఇవి బాటసారుల సత్రములు. 1909 లో రిచర్డు షిర్మాను అను జర్మను ఉపాధ్యాయుడు తన పిల్లలను వెంటబెట్టుకొని యూళ్లు నడచుచుండగా గాలివాన పట్టుకొనెను. ఒక బడికొట్టమున గడ్డి పఱచుకొని యా రాత్రి గడపిరట. సెలవులలో ఖాళీగానుండు బడులు పిల్లల కేల బసలు గాగూడదని యా రాత్రి యాయనకు తోచినది. 1912 లో ఆల్టెనా యను నూరి ప్రాతకోటలో అట్టి వసతి యేర్పడినది. దానినుండి ఈ యువజన వసతు లన్నిదేశములకు ప్రాకినవి. మన యహోబిలములోను, మహానందిలోను కులమున కొక సత్రముండుట మనమెఱుగుదుము. అచట ఆ భేదము లేదు. గదికి నాలుగో, ఆఱో, పదియో మంచములు, ఒకదానిపై నొకటిగ కట్టినవి. స్త్రీలకు మాత్రమే ప్రత్యేకించిన గదులు చాలచోట్ల నుండును. ముందుగ నడిగి తీసికొనవలయును, అంతే. మంచమునకు రాత్రి కింతయని సాధారణముగ 20 మొదలు 50 యూరోలవఱకు నుండి, డిసెంబరు 31వ తేదీ రాత్రికి మాత్రము మితిమీఱి పెరుగును. సామాను పెట్టుకొనుటకు చిన్న బీరువా యిత్తురు గాని తాళము మనదే కావలయును. ఇంటనుండి పంపు వస్తువులలో నొక మంచి తాళముకప్ప నుంచుడు. పచ్చడిసీసాకంటె నది యెక్కువ పనికివచ్చును.

చలిని గూర్చి మన యవ్వల భయము సహేతుకమే గాని, వారు చెప్పు నుపాయములు మాత్రము మన యెండదేశమునకు జెందినవి. మనము నూలుబట్టను మించినది లేదందుము. మన వేడిమికి నది నిజము. చెమటను పీల్చి దేహమును చల్లబఱచుటయే దాని గుణము. సరిగా నా గుణమే యక్కడ శత్రువు. మెట్లెక్కి చెమటపట్టినపుడు నూలుబనియను తడిసి, ఆ తడి యాఱక, నిలబడినవెంటనే వెన్నులోనికి చలి దిగును. ఉన్నికి ఆ దోషము లేదు. వెండ్రుకల నడుమ గాలిని బంధించి దేహపువేడిని బయటికి పోనీయదు. మన కురుబలు నేయు కంబళి కప్పుకొని గొఱ్ఱెలకాపరి వానలో నిలబడుట చూచినవారికి ఈ సంగతి బోధపడును. కనుక లోపల దేహమునంటుకొని సన్నని యుడుపు, నడుమ ఉన్ని, పైన గాలిని వానను చొరనీయని కోటు. ఈ మూడు పొరలు చాలును. ఒకే బరువైన కోటుకంటె నిది మేలు, ఏలయనగా రైలులోను దుకాణములలోను వేడియంత్రములు మండుచుండును, ఒక్కొక్క పొరను తీసివేయవచ్చును. కాళ్లకు రెండు జతల మేజోళ్లు బిగించి తొడుగుట మనవారు చేయు పని. జోడు బిగిసి రక్తము పాఱక వ్రేళ్లింకను చల్లబడును. ఒక్కజత మందమైనది, అంగుళమంత వదులైన నీరుచొరని జోడు కావలయును. కొబ్బరినూనె పంపినచో సీసాలో రాయియై కూర్చుండును. 24 డిగ్రీలకు దిగువ దాని స్వభావమది. ముఖమునకు, పెదవులకు అక్కడి లేపనములే కొనుక్కొనుమనుడు.

చలికంటె తల్లులను ఎక్కువ భయపెట్టునది చీకటి. దీనిని గొంచెము వివరించి చెప్పవలసియున్నది, ఏలయనగా ఇంటింట నిదే కలహము. మనమిచట రాత్రి తొమ్మిదిగంటలకు పనులు ముగించుకొని ఫోను చేయుదుము. అవతల పిల్ల వెనుక కారుచీకటి, దీపములు, మంచు.

"యాడుండావే పాపా? అంత చీకట్లో ఒక్కదానివే యాడికి పోతాండావు?"

"ఇంకా మధ్యాన్నం నాలుగున్నరే మ్మా! పొద్దు గూకింది, అంతే."

ఆ పిల్ల చెప్పినది నిజము. శీతకాలమున మన గడియారము వారి గడియారమునకు నాలుగున్నర గంటలు ముందుండును. డిసెంబరు 21వ తేదీ ప్రాంతమున బెర్లినునగరమున సూర్యుడు సాయంత్రము నాలుగు గంటలు గొట్టకమునుపే యస్తమించును. పగలంతయు గూడ ఎనిమిది గంటలు నిండదు. అదే దినమున కడపలో పగలు పదునొకండు గంటలకు పైనుండును. కనుక చీకటియైన వెంటనే గదికి పొమ్మనుట యనగా మధ్యాహ్న భోజనమైన వెంటనే పొమ్మనుటయే. అడుగవలసిన మాట "చీకటైనదా?" యనునది గాదు. "అక్కడ గంటెంత? వీథిలో జనమున్నారా? తిరిగి వసతికి పోవు కడపటి బండి యెప్పుడు?" అని యడుగవలయును. ఈ మూడు మాటలకు తడబాటులేక సమాధానము వచ్చినచో నిశ్చింతగ నిద్రపోవచ్చును.

ఈ చీకటి మఱియొక పనిగూడ చేయును. సెలవులు ఆరంభమైనంతనే అక్కడి పిల్లలందఱు పండుగకు దమతమ యిండ్లకు పోవుదురు. వసతిగృహములు బావురుమనును. డిసెంబరు 24వ తేదీ మధ్యాహ్నము దాటునప్పటికి దుకాణములు మూసివేయుదురు. జర్మనీలో 25, 26 రెండుదినములును సెలవే. వీథిలో నరసంచారముండదు. కిటికీకి వెలుపల మంచు, లోపల నొక్క పిల్ల, పండుగనాడు గంజివంటి మ్యాగీ. సంక్రాంతినాడు మన యింట నలువదిమంది నడుమ పెరిగిన బిడ్డకు ఆ మౌనమెట్లుండునో తలంచి చూడుడు. "తిరుగుటకేమి తొందర? గదిలో గూర్చుండి చదువుకొనరాదా?" అను పెద్దలు ఈ సంగతి నెఱుగరు. నలుగురు కలిసి బయటికి పోవుట వారికి విలాసమగుట కొంత, ఆ గదినుండి తప్పించుకొనుట కొంత.

ఇప్పుడు ఆడపిల్లల మాట. ప్రొద్దుటూరి దిక్కున మేమెఱిగిన యొక కుటుంబమున్నది. పేరు చెప్పము. కొడుకు హైదరాబాదులో నుద్యోగము. ఏటేట స్నేహితులతో గోవాకు పోవును. పోయివచ్చినతరువాత చెప్పును, ఎవరు నేమియు ననరు. కూతురు జర్మనీలో చదువుచున్నది, ఇరువదిమూడేండ్ల పిల్ల. కిందటేటి సెలవులలో తోడి విద్యార్థినులు ముగ్గురితో బుడాపెస్టునకు పోయెదనని యడిగినది. తండ్రి వలదనెను. పెండ్లి కావలసిన పిల్ల, ఫోటోలు నలుగురు చూతురు, ఇద్దరు సంబంధము మాటాడుచున్నారు, ఇవి కారణములు. తల్లి మనసున నొప్పుకొన్నను నోట మెదపలేదు. పిల్ల "సరే" యనినది. అని, పోయినది.

పోయిన రెండవదినమున జ్వరము వచ్చెను. వసతిలో పైమంచముమీద నాలుగుదినములు పడియుండెను. తోడివారు మందు తెచ్చియిచ్చి, గంజి కాచిపెట్టి కనిపెట్టుకొనిరి. ఇంటినుండి ఫోను వచ్చినపుడెల్ల, చుట్టునున్న మంచములు కానరాకుండ, "బొమ్మ కనపడేది చెడిపోయింది మ్మా, మాటలు మాత్రమే" అని చెప్పినది. గొంతు బొంగురుపోయినదేమనిన చలియనినది. తల్లికి ఈ సంగతి ఉగాది దాటినతరువాత తెలిసినది. ఆమె మాతో నన్నమాట యిది: "పోయినందుకు గాదక్కా నా యేడుపు. జొరమొచ్చిన బిడ్డ నాతో అబద్దం చెప్పాల్సొచ్చె గదా. ఒళ్లు కాలతాంటే అమ్మకు చెప్పుకోలేకపాయె."

ఈ మాట విన్నతరువాత మా యభిప్రాయము స్థిరపడినది. వలదను హక్కు తల్లిదండ్రులకున్నది. కాని వేయిక్రోసుల కావల, తన కాళ్లపై నిలిచిన పిల్లకు వలదనుటవలన ఆగునది ప్రయాణము గాదు, సమాచారము. ఎక్కడ నున్నదో మన కెఱుకలేని స్థితియే యన్నిటికంటె నపాయకరము. కొడుకునకు వర్తించు నియమమే కూతునకును వర్తింపవలయును. కొడుకును గూడ "ఎవరితో, ఎక్కడ, ఎప్పుడు తిరిగివచ్చెదవు?" అని యడుగుడు. మగపిల్లల జేబులు గూడ కొట్టబడును, మగపిల్లలకు గూడ జ్వరము వచ్చును. ఆ యింటి తల్లి ఈ యేడు తానే ముందడుగు వేసి, ఊరూరి వసతిపేరు, అక్కడి ఫోనునంబరు, తోడువచ్చు పిల్లల తల్లుల నంబరులు వ్రాయించుకొని పంచాంగములో పెట్టుకొన్నది. తండ్రికిని చూపినది. ఆయన చదివి, ఏమియు ననక, పంచాంగము తిరిగి యిచ్చెనట.

ఫోటోల సంగతి మఱియొకటి. ఊరివారు చూచి, "అప్పు తీఱలేదు గాని ఊళ్లు తిరుగుతాండారు" అందురు. అనువారనుచునే యుందురు. అయినను ఇందొక న్యాయమైన ప్రశ్న యున్నది, దానికి ఇంటిలోపలనే సమాధానము చెప్పుకొనవలయును. ఆ ఖర్చెవరిది? పదిదినములకు మంచముల కద్దె 300 యూరోలు, బండ్లకు నూఱో నూటయేబదియో, తిండికి మఱియొక 150 వేసికొన్నచో, మొత్తము 600 యూరోలు, అనగా మన సొమ్ము 60,000 రూపాయలు. శెనగపంట వేయు రైతుటింట ఇది చిన్నమొత్తము గాదు. జర్మనీలో విద్యార్థులు సంవత్సరమున 140 పూర్తిదినములు కూలిపని చేసికొనుటకు 2024 మార్చినుండి చట్టమంగీకరించుచున్నది. సామానుకొట్లలో మూటలు మోసియో, హోటలులో గిన్నెలు కడిగియో తెచ్చుకొన్న సొమ్ముతో పోవుచున్నారా, పోనీయుడు. అది వారి కష్టము. తనఖా సొమ్ములోనుండి, లేక చదువుకై యిచ్చిన బ్యాంకిఋణములోనుండి పోవుచున్నారా, ఈ యేడు వలదని నిర్మొహమాటముగ చెప్పుడు. అందు మేము వెనుదీయము. పిల్లలు గూడ ఈ మాటను అర్థము చేసికొందురు. పరువు మాటకంటె లెక్క మాట వారికి సులభముగ బోధపడును.

కాగితముల విషయమై కొంచెము జాగ్రత్త. లక్సెంబర్గుదేశపు షెంగెను అను నూర 1985 లో కుదిరిన యొడంబడికవలన సరిహద్దులలో నిలుపుదల లేకుండ తిరుగవచ్చు దేశములు నేడు 29. వానిలో నొక దేశపు నివాసపత్రము గలవారు తక్కినదేశములలో ప్రతి 180 దినములలోను 90 దినములవఱకు తిరుగవచ్చును. ఇంగ్లండు, ఐర్లండు వీనిలో చేరవు. వానికి వేఱుగ వీసా కావలయును. నిలుపుదల లేదుగదా యని పాసుపోర్టును గదిలో వదలిపోరాదు. 2024 సెప్టెంబరునుండి జర్మనీ తన భూసరిహద్దులన్నిటను తనిఖీలు పెట్టినది. బస్సును నడిరాత్రి ఆపి పత్రములడుగుట కలదు. నివాసపత్రపు గడువు ముగిసి క్రొత్తది చేతికి రానివారు, దరఖాస్తుచీటితో దాటవచ్చునో లేదో కార్యాలయమున విచారించియే కదలవలయును. పోయి, తిరిగి రాలేక సరిహద్దున నిలిచినచో పరీక్షలుగూడ పోవును. ఏ యాపదకైనను ఐరోపా సమాఖ్యదేశములన్నిట 112 అను నంబరు పనిచేయును. దీనిని తల్లులుగూడ జ్ఞాపకముంచుకొనుట మంచిది.

ప్రయాణమునకు రైళ్లలో "ఇంటర్‌రైలు" అను టిక్కెట్టు కలదు. 1972 లో ఇరువదియొక్క యేండ్లలోపువారికై దీనిని మొదలుపెట్టిరి. నేడు ఐరోపాలో నివాసముండు మనవారును కొనవచ్చును, ఇరువదియేడేండ్లవఱకు వెల తగ్గింపు. బస్సులు దీనికంటె చౌక. మంచముఖర్చు తప్పునని రాత్రిబస్సులలోనే ప్రయాణించి పగలెల్ల తిరుగువారు కొందఱు. ఒక రాత్రికైన సరి. రెండు రాత్రులు వరుసగ నట్లు చేసినచో, మూడవనాడు ఏ రాజప్రాసాదమును జూచినను కనులు మూతపడుచుండును, జేబు కత్తిరించువాడు అట్టివారికొఱకే కనిపెట్టుకొనియుండును. పారిసు నేలక్రింది రైళ్లలోను, ప్రాగు వంతెనమీదను ఈ వృత్తివారికి కొదవలేదు. మన తిరుపతి బస్సుస్టాండులో నడచినట్లే, సంచి ముందుకు వేసికొని నడువవలయునని చెప్పుడు.

ఇంతకు వారేమి చూచెదరు? డ్రెస్డెను నగరమున 1434 లో మొదలైన క్రిస్‌మసు సంత నేటికిని నడచుచున్నది. మన దేవునికడప యుత్సవమునాటి యంగళ్లవలె బొమ్మలు, మిఠాయిలు, దీపములు. కాని డిసెంబరు 24తో దానిని ఎత్తివేయుదురు. సెలవిచ్చిన తరువాత తీరికగ పోవువారికి ఖాళీచౌకు మాత్రమే మిగులును. ప్రాగులో నైనచో జనవరి 6వఱకు నుండును. ఆ సంతలలో వేడివేడిగ పొగలుగ్రక్కుచు నమ్మునది మసాలా వేసిన ద్రాక్షసారాయి. పిల్లలకై సారాయిలేని పానకముగూడ వేఱుగ నమ్ముదురు, అడిగిన దొరకును. త్రాగుచున్నారో లేదో వేయిక్రోసులనుండి మనము కనిపెట్టలేము. ఆ సంగతి వారి యింగితమునకు వదలవలసినదే. ప్రాగులోని చార్లెసు వంతెనకు 1357 లో పునాది వేసిరి. బుడాపెస్టులో 1913 లో తెఱచిన సేచెన్యి స్నానశాలలో, చుట్టును మంచు కురియుచుండగా భూమిలోనుండి యుబుకు వేడినీటిలో మెడవఱకు మునిగి కూర్చుందురు. మహానంది కోనేటిలో మునిగిన మనకు అందలి సుఖము తెలియనిదిగాదు. అచ్చటి స్నానపుదుస్తులను జూచి మాత్రము తల్లు లదిరిపడవలదు. అది యచటి నియమము.

తిండి. ఇంటినుండి పార్సెలులో నెయ్యి, పాలకోవా, నాటుకోడి పచ్చడి పంపుట వ్యర్థము. పాలతోను మాంసముతోను చేసిన పదార్థములను బయటిదేశములనుండి ఐరోపా సమాఖ్యలోనికి రానీయరు, పట్టుకొని పాఱవేయుదురు. కోడికూర వండి యెండబెట్టి పంపిన చేతులకు ఆ కష్టము దండుగ. చెనిక్కాయల పొడి, కరివేపాకు పొడి, వేయించిన సంగటిపిండి పంపుడు. తేలికయు, చెడనివియు. బొరుగులుంటే మఱి చెప్పనక్కఱలేదు, వసతిలోని వంటయింట ఉగ్గాని పదినిముసములపని. తిరగవాతకు ఎండుమిరప వేయునపుడు మాత్రము కిటికీ తెఱువవలయును. పైకప్పున పొగను గనిపెట్టు గంట యొకటి బిగించియుందురు. మన తిరగవాతకు నది మ్రోగుట, సత్రమంతయు మంచులోనికి పరుగెత్తుట, కొన్నిచోట్ల దానికి దండుగ కట్టుట జరుగుచున్నది!

డిసెంబరు 31వ తేదీ రాత్రిని గూర్చి గట్టిగ చెప్పవలసియున్నది. జర్మనీలో బాణసంచా నమ్ముటకు సంవత్సరము కడపటి మూడుదినములే యనుమతి. ఆ యొక్కరాత్రి వీథివీథిన, మందు త్రాగినవారి చేతులలో, జనముమధ్య టపాకాయలు పేలును. ఏటేట గాయపడువారెందఱో. మన దీపావళి చూచిన పిల్లలే గదా యని తేలికగ దీసికొనరాదు. ఆ రాత్రి పెద్దచౌకులకు పోక, ఎత్తైనచోటనుండియో వసతి కిటికీనుండియో చూచుట మేలు. ఆ సమయమున ఫోనులు సరిగా కలియవు. మనకు తెల్లవాఱుజామున నాలుగున్నరకు వారి క్రొత్తసంవత్సరము. పలుకలేదని యదరిపడక, ఎనిమిదిగంటలవఱకు ఓపికపట్టుడు.

తిరిగి గదికి చేరు దినమున జరుగు కష్టమొకటి యున్నది, దానిని పిల్లలు ముందుగ తలంపరు. ఆదివారములందును, జనవరి 1వ తేదీయందును దుకాణములు తెఱువరు, పెద్ద రైలుస్టేషనులలోనివి తప్ప. ఆకలితోను తడిబట్టలతోను వచ్చిన పిల్ల ఖాళీడబ్బాలను జూచుకొనవలసివచ్చును. కనుక బయలుదేరుటకు ముందే రెండుకిలోల బియ్యము, కొంచెము కందిపప్పు, ఉప్పు కొని బీరువాలో పెట్టి, వేడియంత్రమును పూర్తిగ నార్పక తక్కువలో నుంచి, తాళము వేసికొని పొమ్మని చెప్పుడు. ఫిబ్రవరిలో పరీక్షలు.